తిన్న ఇనుము ఒంటికి పట్టిందని ఎలా తెలుస్తుంది?

పటాన్‌చెరు పక్కనున్న వెలిమెల నుంచి ఏడో తరగతి అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. "మా బడిల వారానికొకసారి నీలం రంగు గోలి ఇస్తరు. అది మింగితే రక్తంల ఇనుము పెరుగుతదంట. ఆకుకూర తిన్నా పెరుగుతదంట. అయితే నేను తిన్న ఇనుము ఒంట్లకు పోయిందా, ఉత్తగనే బయటికి పోయిందా అని ఎట్ల తెలుస్తది? ఒంట్ల ముందుగాలనే ఇనుము ఉన్నది కదా! అండ్ల కలిసినంక ఏది పాతది, ఏది కొత్తది?"

ప్రశ్నలోని చివరి మాట దగ్గరే అసలు చిక్కంతా ఉంది. పోషకాహార శాస్త్రజ్ఞులు చాలా ఏళ్లు ఆ చిక్కు దగ్గరే ఆగిపోయారు. అది ఎలా వీడిందో చెప్పాలంటే ముందు ఒంట్లో ఇనుము ఎంత ఉంటుందో, రోజూ ఎంత వచ్చి ఎంత పోతుందో చూడాలి.

మీ ఊరి చుట్టుపక్కల ఇనుమంటే టన్నుల లెక్క. రామచంద్రపురం భెల్‌లోనైనా, పాశమైలారం కార్ఖానాల్లోనైనా అంతే. ఒంట్లో ఇనుము లెక్క మాత్రం మిల్లీగ్రాముల్లో నడుస్తుంది. గ్రాములో వెయ్యో వంతు ఒక మిల్లీగ్రాము. పెద్దవాళ్ల శరీరం మొత్తం వెతికినా ఇనుము మూడు, నాలుగు గ్రాములకు మించదు. అందులో మూడింట రెండు వంతులు రక్తంలోని ఎర్ర కణాల్లో, హిమోగ్లోబిన్‌లో ఉంటుంది. ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును ఒళ్లంతా మోసేది అదే. మిగిలిన దానిలో ఎక్కువ భాగం కాలేయంలోనూ మరికొన్ని చోట్లా నిల్వ ఉంటుంది.

ఈ ఇనుములో రోజుకు సుమారు ఒక మిల్లీగ్రామే బయటికి పోతుంది. రాలిపోయే చర్మకణాలతో, పేగుల లోపలి పొర నుంచి ఊడిపోయే కణాలతో పోయేదే అది. నెలసరి మొదలైన ఆడపిల్లలకు ఇంకొంచెం ఎక్కువ పోతుంది. ఇనుము ఎక్కువైతే దాన్ని బయటికి తోసేసే దారి మన శరీరానికి లేదు. అందుకని జాగ్రత్తంతా లోపలికి వచ్చే చోటే పడుతుంది. భోజనంలో పది మిల్లీగ్రాముల ఇనుము ఉంటే, చిన్నపేగు మొదటి భాగం అందులో ఒకటో రెండో మిల్లీగ్రాములు తీసుకుని మిగతాది వదిలేస్తుంది. ఐరన్ గోలీలు వేసుకున్న వాళ్లకు దొడ్డికి నల్లగా కావడం నువ్వు వినే ఉంటావు. కొందరు దానికి భయపడి గోలీలు మానేస్తారు కూడా. భయపడాల్సింది ఏమీ లేదు. పేగు తీసుకోకుండా వదిలేసిన ఇనుమే అలా నల్లగా కనిపిస్తుంది. నీ అనుమానం నిజమేనని చెప్పే సాక్ష్యం కూడా అదే. మింగినదంతా ఒంటికి పట్టదు.

మరి ఎంత పట్టింది? రక్త పరీక్ష చేస్తే తెలియదా? లెక్క వేసి చూద్దాం. పద్నాలుగేళ్ల అమ్మాయి ఒంట్లో సుమారు మూడు లీటర్ల రక్తం ఉంటుందనుకో. అందులోని హిమోగ్లోబిన్‌లో ఉన్న ఇనుమంతా కలిపితే సుమారు 1300 మిల్లీగ్రాములు. ఒక పూట భోజనం నుంచి ఒక మిల్లీగ్రాము పట్టిందనుకుంటే 1300 కాస్తా 1301 అవుతుంది. హిమోగ్లోబిన్ 12.5 ఉంటే 12.51 అవుతుంది. వేలు గుచ్చి చూసే పరీక్షలో వచ్చే చిన్నపాటి తేడా కూడా దీనికంటే చాలా పెద్దది. వారాల తరబడి గోలీలు వేసుకున్నాక హిమోగ్లోబిన్ పెరిగిందా లేదా అన్నది ఆ పరీక్ష చెబుతుంది. ఈ రోజు మధ్యాహ్నం తిన్న అన్నం, పప్పు, కూర నుంచి ఎంత వచ్చిందో చెప్పడం దానివల్ల కాదు.

ఇంకో దారి ఉంది. తిన్నదానిలో ఇనుము ఎంతో కొలిచి, మలంలో పోయినది ఎంతో కొలిచి, మొదటి దానిలోంచి రెండోది తీసేయడం. పాతకాలంలో చాలా ప్రయోగాలు ఇలాగే చేశారు. వినడానికి తేలికే. కానీ పది మిల్లీగ్రాములు తిని తొమ్మిది బయటికి పోయినప్పుడు, ఆ రెండు కొలతల్లో ఎక్కడో అర మిల్లీగ్రాము తప్పు దొర్లినా చాలు, పట్టిన ఒక్క మిల్లీగ్రాము సగమైనా కావచ్చు, ఒకటిన్నరైనా కావచ్చు. పైగా బయటికి పోయేదానిలో తిండి నుంచి మిగిలిన ఇనుమే కాకుండా పేగు కణాలతో ఊడిపోయిన ఒంటి ఇనుము కూడా ఉంటుంది. నువ్వు అడిగిన పాతదీ కొత్తదీ ఇక్కడ మళ్లీ కలిసిపోయాయి.

కాబట్టి కొత్త ఇనుముకు ఏదో ఒక గుర్తు ఉండాలి. గొర్రెల మందలు కలిసిపోయినప్పుడు ఎవరివి వాళ్లు ఏరుకోవడానికి గొర్రెల కాపరులు వీపు మీద రంగు పూస్తారు. రంగు పూసినంత మాత్రాన ఆ గొర్రె నడకా మారదు, మేతా మారదు. ఇనుముకు కావాల్సిన గుర్తు కూడా అలాంటిదే. మనం గుర్తుపట్టగలగాలి, శరీరం మాత్రం తేడా చూపించకుండా మామూలు ఇనుములాగే వాడుకోవాలి. అలాంటి గుర్తు ప్రకృతిలోనే సిద్ధంగా ఉంది.

ఇనుము అణువు నడిమధ్యలో కేంద్రకం ఉంటుంది. అందులో 26 ప్రోటాన్లు ఉంటాయి. ఆ 26 ఉన్నాయి కాబట్టే అది ఇనుము. ప్రోటాన్ల పక్కనే న్యూట్రాన్లు కూడా ఉంటాయి. వాటి సంఖ్య మాత్రం అన్ని ఇనుము అణువుల్లో ఒకటి కాదు. కొన్నింటిలో 28, చాలావాటిలో 30, కొన్నింటిలో 31, ఏ కొద్దింటిలోనో 32. ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపి లెక్కపెట్టి వీటిని ఇనుము-54, 56, 57, 58 అంటారు. ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న ఈ రకాల పేరే ఐసోటోపులు. మీ ఇంటి బాణలిలోని ఇనుమైనా, నీ రక్తంలోని ఇనుమైనా, తోటకూరలోని ఇనుమైనా, వంద అణువులు తీస్తే దాదాపు 92 ఇనుము-56 రకం. ఇనుము-54 దాదాపు ఆరు, ఇనుము-57 రెండుకు కొంచెం పైన. ఇనుము-58 అయితే వందకు ఒకటి కూడా రాదు, అది 0.28 శాతమే.

అణువు దేనితో కలుస్తుంది, ఎలా కలుస్తుంది అన్నది దాని ఎలక్ట్రాన్లను బట్టి ఉంటుంది. న్యూట్రాన్లు ఎక్కువైతే బరువు పెరుగుతుంది గానీ స్వభావం మారదు. పేగైనా ఎముక మూలుగైనా ఇనుము-58ను ఇనుముగానే చూస్తాయి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, తేలిక రకాన్ని శరీరం రవ్వంత ఎక్కువ ఇష్టపడుతుందని 2002లో యూరప్ శాస్త్రజ్ఞులు మనుషుల రక్తంలో కొలిచి చూపారు. ఆ తేడా వెయ్యిలో రెండు మూడు పాళ్లే. మనం చెప్పుకుంటున్న ప్రయోగాల లెక్కను అది చెడగొట్టదు.

ఇక్కడ ఒక భయాన్ని తీర్చి ముందుకు వెళ్లాలి. ఐసోటోపు అనగానే చాలామందికి అణుధార్మికత గుర్తొస్తుంది. నక్కవాగు నీళ్లు ఎలా పాడయ్యాయో కళ్లారా చూసిన పటాన్‌చెరు జనం, పిల్లల నోట్లో ఏదో పోస్తామంటే ఉలిక్కిపడటం సహజం. అలా భయపడ్డవాళ్లను తప్పుపట్టకూడదు, ఓపికగా చెప్పాలి. ఐసోటోపుల్లో రెండు తరగతులున్నాయి. కొన్నింటి కేంద్రకం నిలకడగా ఉండదు. విరిగి మారిపోతూ కిరణాలు వెదజల్లుతుంది. ఇనుము-59 అలాంటిది. 45 రోజుల్లో సగం మారిపోతుంది. రెండో తరగతివి ఎప్పటికీ మారవు, ఏ కిరణమూ ఇవ్వవు. పైన చెప్పిన నాలుగు రకాల ఇనుమూ ఈ తరగతివే. వీటిని స్థిర ఐసోటోపులు అంటారు. మనం పుట్టిన నాటి నుంచి రోజూ తింటున్నది వీటినే. మణుగూరులో తయారయ్యే భారజలంలోని డ్యుటీరియం కూడా ఇలాంటి స్థిర ఐసోటోపే. మామూలు హైడ్రోజన్ కంటే ఒక్క న్యూట్రాన్ ఎక్కువ, అంతే.

మొదట్లో పోషకాహార పరిశోధకులు కిరణాలిచ్చే ఇనుమునే వాడారు. కొలవడం తేలిక. కిరణాలు లెక్కపెట్టే యంత్రం ముందు కొంచెం రక్తం పెడితే సరిపోతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో బి.ఎస్. నరసింగరావు గారు, ఆయన సహచరులు మన భోజనాల్లోని ఇనుము ఎంత పడుతుందో ఇలా గుర్తు పెట్టిన ఇనుముతోనే కొలిచి 1983లో ప్రచురించారు. వరి అన్నం భోజనంతో కాస్త మెరుగ్గా, గోధుమలతో తక్కువగా, చిరుధాన్యాలతో ఇంకా తక్కువగా ఇనుము పడుతోందని అప్పుడు తేలింది. చాలా విలువైన పని అది. అయితే అలాంటి ఇనుమును, ఎంత తక్కువ మోతాదులోనైనా, ఎదిగే పిల్లలకూ గర్భిణులకూ ఇవ్వడానికి మనసొప్పదు. ఇనుము అందరికంటే ఎక్కువ కావాల్సింది వాళ్లకే. వాళ్ల గురించే తెలుసుకోలేకపోతే ఎలా? స్థిర ఐసోటోపుల అవసరం అక్కడ పడింది.

స్థిర ఐసోటోపులతో కష్టం వేరు. అవి కిరణాలివ్వవు కాబట్టి ఉనికిని చాటుకోవు. బరువు చూసే పట్టుకోవాలి. ఆ పని చేసే యంత్రాన్ని ద్రవ్యరాశి వర్ణపటమాపకం అంటారు. అలాంటి తొలి పరికరాల్లో ఒకదాన్ని ఇంగ్లండులో ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో తయారు చేశాడు. 1922లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పేరు పెద్దదే గానీ అది చేసే పని అర్థం చేసుకోవడం కష్టం కాదు. రక్తాన్ని గాఢమైన ఆమ్లంలో కరిగించి అందులోంచి ఇనుమును మాత్రం వేరు చేస్తారు. ఆ అణువులకు విద్యుదావేశం ఎక్కించి, గాలి తీసేసిన గొట్టంలో వేగంగా పరుగెత్తించి, దారిలో బలమైన అయస్కాంతం పెడతారు. తేలిక అణువులు ఎక్కువ వంపు తిరుగుతాయి, బరువైనవి తక్కువ తిరుగుతాయి. ఒక్కో రకం ఒక్కో చోట పడుతుంది. ఎక్కడ ఎంత పడిందో లెక్కపెడితే 56కు 57 ఎంత, 58 ఎంత అన్న నిష్పత్తి చాలా సూక్ష్మంగా తెలుస్తుంది. ఇనుము-58 దాదాపు అదొక్కటే ఉన్న పొడిని తయారు చేయడానికి కూడా ఈ సూత్రాన్నే పెద్ద ఎత్తున వాడతారు. అమెరికాలో ఓక్‌రిడ్జ్ ప్రయోగశాల రెండో ప్రపంచ యుద్ధం నాటి పెద్ద పెద్ద అయస్కాంత యంత్రాలతో దశాబ్దాల పాటు ఈ ఐసోటోపులను వేరు చేసి పరిశోధకులకు అందించింది. వెయ్యి అణువుల్లో మూడు కూడా లేనిదాన్ని ఏరి తీయాలి కాబట్టి దాని ధర మండిపోతుంది. పరిశోధకులు ఒక్కో మిల్లీగ్రామునూ లెక్క చూసుకుని వాడతారు.

ఇక మన దగ్గర జరిగిన ప్రయోగానికి వద్దాం. జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధన విభాగంగా మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. అక్కడ కె. మాధవన్ నాయర్ గారి బృందం చేసిన ప్రయోగం ఒకటి 2013లో ప్రచురితమైంది. ప్రభుత్వ వసతి పాఠశాలల్లో చదివే 13 నుంచి 15 ఏళ్ల అమ్మాయిలూ అబ్బాయిలూ అందులో పాల్గొన్నారు. వాళ్లు తేల్చుకోవాలనుకున్నది ఇది: మామూలు అన్నం భోజనంతో ఎంత ఇనుము పడుతుంది? అదే భోజనంతో వంద గ్రాముల జామపండు తింటే ఎంత పడుతుంది? జింక్ మాటేమిటి?

భోజనంతోపాటు ఇనుము-57ను వరుసగా రెండు రోజులు ఇచ్చారు. వేరే సమయంలో ఒకసారి ఇనుము-58ను నారింజ రసంలో కలిపి ఇచ్చారు. ఇది ఎందుకంటే, పిల్లలందరి పేగులూ ఒకేలా తీసుకోవు. ఒంట్లో ఇనుము నిండుగా ఉంటే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును ఎక్కువగా వదులుతుంది. అది పేగు నుంచి రక్తంలోకి ఇనుము వెళ్లే దారిని మూసేస్తుంది. ఇనుము కొరత ఉంటే హెప్సిడిన్ తగ్గి దారి తెరుచుకుంటుంది. జ్వరమో ఇన్ఫెక్షనో ఉన్నా దారి మూసుకుపోతుంది. కాబట్టి ఎవరికైనా ఇనుము తక్కువ పడితే లోపం భోజనానిదా, ఆ పిల్ల ఒంటి స్థితిదా అన్న అనుమానం వస్తుంది. రసంలో ఇచ్చిన ఇనుము సులువుగా పట్టేది కాబట్టి, దానితో పోల్చి చూస్తే రెండూ విడిపోతాయి. ఈ ప్రయోగంలో హెప్సిడిన్ ఎక్కువున్న వాళ్లకు ఆ ఇనుము తక్కువ పట్టిందని కూడా స్పష్టంగా కనిపించింది.

ఇలాంటి ప్రయోగాల్లో ఇనుము ఇచ్చిన మర్నాడే రక్తం తీస్తే లాభం లేదు. సాధారణంగా రెండు వారాలు ఆగుతారు. పేగు తీసుకున్న ఇనుము రక్తంలోని ఒక ప్రొటీన్‌ను పట్టుకుని ఎముక మూలుగుకు చేరుతుంది. అక్కడ కొత్త ఎర్ర కణాలు తయారవుతాయి, వాటిలోకి ఎక్కుతుంది. ఆ కణాలు ముదిరి రక్తంలోకి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. పట్టిన ఇనుములో నూటికి ఎనభై వంతులో ఇంకాస్త ఎక్కువో రెండు వారాల్లో ఎర్ర కణాల్లోకి చేరిపోతుంది. ఎర్ర కణం ఆయుష్షు 120 రోజులు కాబట్టి ఆ గుర్తు అక్కడే ఉండిపోతుంది. ఒక సిరంజి రక్తం చాలు.

ఊహకు మళ్లీ ఒక లెక్క. ఇందాకటి అమ్మాయి రక్తంలో 1300 మిల్లీగ్రాముల ఇనుము ఉందన్నాం. అందులో సహజంగానే ఇనుము-58 సుమారు 3.7 మిల్లీగ్రాములు. ఆమెకు మూడు మిల్లీగ్రాముల ఇనుము-58 ఇచ్చామనుకుందాం. అందులో ఐదో వంతు పట్టి, రక్తంలోకి అర మిల్లీగ్రాము చేరిందనుకుందాం. మొత్తం ఇనుము 1300 నుంచి 1300.5 అయింది. ఆ తేడా ఎవరి కంటికీ ఆనదు. కానీ ఇనుము-58 మాత్రం 3.7 నుంచి 4.2 అయింది. నూటికి పదమూడు పాళ్ల పైన పెరిగింది! యంత్రం దాన్ని సునాయాసంగా పట్టేస్తుంది. అరుదైన రకాన్నే గుర్తుగా ఎంచుకోవడానికి కారణం ఇదే. అందరిలోనూ 92 శాతం ఉన్న ఇనుము-56ను గుర్తుగా వాడితే ఎవరు గుర్తుపడతారు?

ఇక ఆ హైదరాబాద్ ప్రయోగంలో ఏం తేలిందో చూద్దాం. జామపండు లేని భోజనంతో అమ్మాయిలకు సగటున 9.7 శాతం ఇనుము పట్టింది. అదే భోజనంతో జామపండు తింటే 23.9 శాతం. అబ్బాయిలకు 8.6 నుంచి 19.2 శాతానికి పెరిగింది. రెండు భోజనాల్లోనూ ఇనుము కొంచెం అటూ ఇటూగా సమానమే. పళ్లెంలోని ఇనుము పెరగలేదు, ఒంట్లోకి వెళ్లింది రెట్టింపు దాటింది. నా మటుకు నాకు మన పిల్లల తిండి గురించి ఇంత విలువైన, ఇంత చవకైన సమాచారం మరొకటి కనబడలేదు.

కారణం విటమిన్ సి. వంద గ్రాముల జామపండులో అది సుమారు 200 మిల్లీగ్రాములుంటుంది. ధాన్యాల్లో, పప్పుల్లో ఫైటేట్ అనే పదార్థం ఉంటుంది. పేగులో అది ఇనుమును గట్టిగా పట్టుకుని కరగనివ్వదు. అదీగాక మొక్కల నుంచి వచ్చే ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో ఉంటుంది. పేగు కణాలు తీసుకునేది ఫెర్రస్ రూపాన్ని. విటమిన్ సి ఇనుముకు ఒక ఎలక్ట్రాన్‌ను ఇచ్చి ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మారుస్తుంది, దాన్ని ఫైటేట్‌కు చిక్కకుండా కరిగిన స్థితిలో ఉంచుతుంది. ఇదంతా కడుపులో, చిన్నపేగు మొదట్లో జరిగే పని. కాబట్టి పండూ అన్నమూ ఒకే సమయంలో అక్కడ కలవాలి. మధ్యాహ్నం అన్నం తిని సాయంత్రం నాలుగింటికి జామపండు తింటే పండు మంచిదే, మధ్యాహ్నపు ఇనుముకు మాత్రం దాని సాయం అందదు.

జింక్ విషయంలో జామపండు ఏ తేడా చూపలేదు. దీనికీ కారణం ఉంది. జింక్‌కు ఇనుములాగా రెండు రూపాలు లేవు, మార్చడానికి విటమిన్ సికి అక్కడ పనే లేదు. జింక్‌ను కొలిచిన తీరు మరీ ముచ్చటైనది. జింక్ ఇనుములాగా ఎర్ర కణాల్లో కుదురుగా ఉండదు. ఒళ్లంతా పాకుతుంది, పైగా క్లోమం నుంచి వచ్చే రసాలతో మళ్లీ పేగులోకే దిగుతుంది. మలంలో వెతికితే పాతదీ కొత్తదీ కలిసే ఉంటాయి. అందుకని రెండు గుర్తులు వాడారు. జింక్-67ను భోజనంతో నోటి ద్వారా ఇచ్చారు, జింక్-70ను సూదితో నేరుగా రక్తనాళంలోకి ఎక్కించారు. సూదితో ఎక్కించినదంతా రక్తంలోకి చేరుతుంది. నోటితో ఇచ్చినదానిలో పేగు రానిచ్చినంతే రక్తంలోకి వస్తుంది. ఆపైన రెండూ ఒకే రక్తంలో తిరిగి ఒకే మూత్రంలో బయటికి వస్తాయి. రెండూ సమానంగా ఇచ్చి, మూత్రంలో జింక్-70 వంద పాళ్లున్న చోట జింక్-67 ముప్పై పాళ్లుంటే, పేగు రానిచ్చింది ముప్పై శాతమన్న మాట. మలం తూకం వేయనక్కర్లేదు.

ఇక్కడ చురుకైన పాఠకులకు ఒక సందేహం రావాలి. గుర్తున్న ఇనుమును పైనుంచి కలిపారు కదా, అన్నంలో, పప్పులో మొదటి నుంచీ ఉన్న ఇనుముకు గుర్తే లేదు కదా, దాని సంగతి ఎలా తెలుస్తుంది? 1970ల్లో చాలా ప్రయోగాలు ఈ సందేహం తీర్చడానికే జరిగాయి. మొక్కల తిండిలోని ఇనుమూ పైనుంచి కలిపిన ఇనుమూ జీర్ణాశయంలో కరిగి ఒక్కటైపోతాయని, ఆ తర్వాత రెండూ ఒకే పాళ్లలో పడతాయని వాటిలో తేలింది. మాంసం, రక్తంలోని ఇనుముకు మాత్రం ఇది వర్తించదు, అది వేరే దారిన వెళ్తుంది. గింజలకు అంటుకున్న మట్టిలోని ఇనుముకూ వర్తించదు, అది సరిగ్గా కరగనే కరగదు.

వెలిమెలకు ఈ విషయంతో ఇంకా దగ్గరి సంబంధం ఉంది. 1972 నుంచి పటాన్‌చెరులో ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, ఇనుమూ జింకూ ఎక్కువగా ఉండే సజ్జ రకాల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. ధనశక్తి అనే సజ్జ రకం అలా వచ్చిందే. కానీ గింజలో ఇనుము పెరిగినంత మాత్రాన ఒంట్లోకి పోయేది పెరుగుతుందని హామీ లేదు. సజ్జలో ఫైటేట్ కూడా దండిగా ఉంటుంది మరి. ఇనుము, జింక్ ఎక్కువుండేలా పెంచిన సజ్జలను ఉత్తర కర్ణాటకలో రెండేళ్ల ప్రాయపు పిల్లలకు తినిపించి స్థిర ఐసోటోపులతో కొలిచారు. మామూలు సజ్జలు తిన్న పిల్లలకు రోజుకు 0.23 మిల్లీగ్రాముల ఇనుము పడితే, కొత్త సజ్జలు తిన్నవాళ్లకు 0.67 మిల్లీగ్రాములు పట్టింది. జింక్ 0.67 నుంచి 0.95కు పెరిగింది. ఈ ఫలితాలు 2013లో వచ్చాయి. అంత చిన్న పిల్లలకు కిరణాలిచ్చే ఇనుము ఇవ్వడాన్ని ఎవరూ ఊహించను కూడా ఊహించరు. స్థిర ఐసోటోపులు లేకపోతే ఆ గింజ పనికొస్తుందో లేదో ఇంత నేరుగా తెలిసేది కాదు.

ఇక చాయ్ సంగతి. బెంగళూరు సెయింట్ జాన్స్ సంస్థ పరిశోధకులు యువతుల మీద ఇదే పద్ధతితో చేసిన ప్రయోగం 2008లో వచ్చింది. భోజనంతోపాటు ఒక కప్పు టీ తాగితే పట్టే ఇనుము దాదాపు సగానికి పడిపోయింది. రెండు కప్పులు తాగితే మూడింట రెండు వంతులు తగ్గింది. రక్తహీనత ఉన్నవాళ్లలోనూ అంతే. టీలోని పాలీఫినాళ్లు ఇనుమును పట్టేసుకుంటాయి.

అన్ని ఖనిజాలనూ ఇలా కొలవలేం. రకాలు ఒకటి కంటే ఎక్కువ ఉంటేనే గుర్తు పెట్టగలం. రాగికి రెండు స్థిర ఐసోటోపులున్నాయి కాబట్టి కుదురుతుంది. అయోడిన్‌కు ఒకటే ఉంది, మాంగనీసుకూ ఒకటే. నల్గొండ పల్లెలను తరాల తరబడి వేధించిన ఫ్లోరైడు కూడా అంతే. ఫ్లోరిన్‌కు ఉన్న స్థిర రకం ఒకే ఒక్కటి. నిన్న తాగిన నీళ్లలోని ఫ్లోరైడును, ఎముకల్లో ఏళ్లుగా పేరుకున్న ఫ్లోరైడును ఈ దారిన విడదీయలేం.

ఇప్పుడు నీ ప్రశ్నకు సూటిగా జవాబు, బిడ్డా. నువ్వు మింగిన ఇనుములో కొత్తదేదో పాతదేదో మామూలుగా చెప్పలేం. కొత్తదానికి అరుదైన ఐసోటోపుతో గుర్తు పెడితేనే చెప్పగలం. నీకు విడిగా ఆ పరీక్ష ఎవరూ చేయరు, చేయాల్సిన పనీ లేదు. నీకు కావాల్సింది హిమోగ్లోబిన్ పరీక్ష. అది 12 కంటే తక్కువ ఉంటే డాక్టరుకు చూపించుకోవాలి. ఆ నీలం గోలీలో 60 మిల్లీగ్రాముల ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఉంటాయి. ఖాళీ కడుపుతో కాకుండా అన్నం తిన్నాక వేసుకో, కడుపులో తిప్పదు. దొడ్డికి నల్లగా అయిందని మానేయకు.

బడుల్లో వండి వడ్డించే అక్కలకు, హెడ్మాస్టర్లకు, అమ్మలకు ఒక మనవి. జామపండు దొరికే కాలంలో పిల్లలకు దాన్ని సాయంత్రం చిరుతిండిగా ఇచ్చే బదులు, కోసి మధ్యాహ్నం పళ్లెంలోనే పెట్టండి. జామ దొరకనప్పుడు పచ్చి ఉసిరికాయైనా, పప్పు మీద పిండిన నిమ్మరసమైనా ఆ పని చేస్తాయి. వండితే విటమిన్ సి చాలావరకు పోతుంది, కాబట్టి నిమ్మకాయ పొయ్యి మీద నుంచి దించాకే పిండండి. అన్నం తిన్న వెంటనే పిల్లలకు చాయ్ మాత్రం పోయకండి, కనీసం ఒక గంట ఆగండి.